మడతలో మూడు ఇంచులు



ఈ పూట మనం చిన్నపిల్లల బట్టల గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో అమ్మ కొలిచి, కత్తిరించి, కుట్టి తొడిగే గౌన్లు, లంగా జాకెట్ల ముచ్చట ఇది. మాది గోదావరిఖని. మా ఆయనది బొగ్గు బాయి పని. సింగరేణి కంపెనీ క్వార్టరులో ఉంటాం. ఇద్దరు ఆడపిల్లలు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక కుట్టుమిషను. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి గరిటె తర్వాత నా చేతిలో ఎక్కువగా ఉన్నది కత్తెరే.

ముందుగా డబ్బు సంగతి తేల్చేద్దాం. చాలామంది అడిగేది అదే. "వదినా, లక్ష్మీనగర్ బజారుకు పోతే రంగురంగుల ఫ్రాకులు వేలాడుతుంటయి. బేరమాడితే ఇంకా తగ్గుతయి. నువ్వెందుకు మెడ వంచుకొని కూసుంటవు?" అంటారు. వాళ్ల మాటలో తప్పేం లేదు. గుడ్డ, అస్తరు, లేసు, గుండీలు, దారం అన్నీ కూడితే ఖర్చు రెడీమేడ్ ధరకు దగ్గరగానే వస్తుంది. మన పని గంటలకు కూలి కూడా కట్టుకుంటే కొన్నదే చవక. అందుకని పొదుపు కోసం కుట్టుకోండి అని నేను చెప్పను. నేను కుట్టడానికి కారణాలు మూడు. మా ఊరి ఎండ ఒకటి. పిల్ల పెరగడం రెండోది. మూడోది జేబు. ఈ మూడింటినీ చూసుకొని తయారైన గౌను బజారులో వెతకడం కన్నా ఇంట్లో కుట్టుకోవడమే తేలిక.

మా ఊరి గురించి రెండు మాటలు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరు మీద 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఆ బొగ్గు గీత గోదావరి వెంట పైకి సాగి మా గోదావరిఖని ఉన్న రామగుండం దాకా వచ్చింది. ఇక్కడ బాయిలు తవ్వడం మొదలుపెట్టాక మంథని, చెన్నూరు, పెద్దపల్లి పల్లెల నుంచి, ఇంకా దూరపు జిల్లాల నుంచి పడుచు జంటలు వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. తర్వాత క్వార్టర్లు వచ్చాయి. పల్లెలో అయితే మేరోళ్ల ఇల్లు ఉండేది. పంట ఇంటికి వచ్చినప్పుడు గింజలు కొలిచి ఇస్తే ఇంటిల్లిపాదికీ కుట్టిపెట్టేవాళ్లు. ఇక్కడ ఆ మేరోళ్ల ఇల్లు లేదు. చంటిపిల్లకు అంగీ ఎలా కత్తిరించాలో చెప్పే అవ్వ కూడా దగ్గర లేదు. అందుకే ఈ కాలనీల్లో కుట్టుపని తల్లి నుంచి బిడ్డకు కన్నా గోడ ఇవతలి నుంచి అవతలికే ఎక్కువగా నడిచింది. మా అత్తమ్మకు నేర్పింది పక్క క్వార్టరులో ఉన్న వరంగల్ అక్క. నాకు నేర్పింది మా అత్తమ్మ.

మిషను కూడా మా అత్తమ్మదే. నెలనెలా వాయిదా కట్టి కొన్నారట. ఈ వాయిదాల పద్ధతికి కుట్టుమిషనుతో పాత చుట్టరికం ఉంది. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఒక్కసారి అంత డబ్బు పెట్టి కొనలేని ఇళ్ల కోసం కొన్నేళ్లకే ఆ కంపెనీ వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. గాంధీగారి మాట కూడా ఒకటి చెప్పాలి. 1924లో ఒక యువకుడు ఆయన్ని, మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకమా అని అడిగాడు. కాదన్నారు ఆయన. కుట్టుమిషనును మినహాయించారు. మనిషి కనిపెట్టిన పనికొచ్చే కొద్ది వస్తువుల్లో అది ఒకటన్నారు. భార్య చేత్తో కుట్టి అలసిపోతుంటే చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని కూడా చెప్పారు. సింగర్ జీవితం చదివినవాళ్లు ఆ ప్రేమకథను అంత తేలిగ్గా నమ్మరు. ఆయన సంసారాలు ఒకటీ రెండూ కావు. అయినా గాంధీగారు పట్టుకున్న అసలు సంగతి మాత్రం నిజం. ఇంట్లో ఆడమనిషి నడుము నొప్పిని తగ్గించిన యంత్రం అది.

ఇక మా ఇంటి గడియారం సంగతి. వేరే ఊళ్లలో రోజుకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఉంటాయి. మాకు ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ ఉంటాయి. వారం వారం మారుతుంటాయి. వంట, నిద్ర, బంధువుల ఇళ్లకు పోవడం అన్నీ వాటిని బట్టే. కుట్టు కూడా అంతే. ఏ వారం ఏ కుట్టు పడాలో మా ఇంట్లో షిఫ్టే చెబుతుంది.

ఫస్ట్ షిఫ్ట్ వారం మిషను వారం. ఆయన తెల్లవారుజామున టిఫిన్ డబ్బా పట్టుకొని పోతారు. పిల్లలు బడికి పోతారు. ఇల్లు ఖాళీ అవుతుంది. పొడవాటి కుట్లన్నీ అప్పుడే లాగేయాలి. పక్క కుట్లు, భుజాలు, చేతులు, కుచ్చులు అన్నీ మధ్యాహ్నం లోపు అయిపోతాయి. ఓపెన్ కాస్ట్ గని దగ్గరగా ఉన్న కాలనీల్లో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడితే కిటికీ రెక్కలు దడదడలాడతాయి. గుండుసూదుల డబ్బా మిషను బల్ల అంచున పెట్టకూడదని అక్కడి ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

సెకండ్ షిఫ్ట్ వారం కొలతల వారం. పగలు ఆయన ఇంట్లోనే ఉంటారు కాబట్టి వంటతోనే పొద్దు గడిచిపోతుంది. ఆయన అన్నం తిని పోయాక పిల్లలు బడి నుంచి వస్తారు. ఆయన మళ్లీ ఇల్లు చేరేది అర్ధరాత్రి దగ్గర. ఆ మధ్యలో సాయంత్రమంతా మా ముగ్గురిదే. చాతీ కొలవడం, తొడిగి చూడడం, గుచ్చిన సూదులు విప్పి మళ్లీ గుచ్చడం అప్పుడే జరుగుతాయి. ఐదేళ్ల పిల్లను కదలకుండా నిలబెట్టడం కుట్టడం కన్నా కష్టమైన పని. చేతికి టేపు ఇచ్చి, నువ్వు బొమ్మను కొలువు, నేను నిన్ను కొలుస్తా అంటే పని జరుగుతుంది.

నైట్ షిఫ్ట్ వారం సూది వారం. ఆయన పొద్దున వచ్చి స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటారు. రాత్రంతా నేల కింద పనిచేసి వచ్చిన మనిషి నిద్ర అది. ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా భయపడుతూ కూయాలి. మిషను మాట ఎత్తే పనే లేదు. క్వార్టర్లు గోడ గోడకు అంటి ఉంటాయి కదా, మా ఆయనది ఫస్ట్ షిఫ్టయినా పక్కింటి అన్నది నైట్ షిఫ్ట్ అయితే మా మిషనుకు సెలవే. అప్పుడు చప్పుడు లేని పనులు తీస్తాను. కాజాలు, హుక్కులు, గుండీలు, కింది అంచుకు తుర్పాయి. ఏ హడావిడీ లేని వారం దొరికితే తేనెపట్టు కుట్టు.

తేనెపట్టు కుట్టు గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లీషులో దాన్ని స్మాకింగ్ అంటారు. ఇంగ్లండులో పల్లెటూరి కూలీలు, గొర్రెల కాపరులు తొడుక్కునే వదులు అంగీల మీద పుట్టిన పని అది. కావలసిన వెడల్పుకు మూడింతల గుడ్డ తీసుకొని, సమాన దూరంలో చుక్కలు పెట్టుకొని, వరసగా దారం పోసి దగ్గరికి లాగాలి. సన్నటి మడతలు నిలబడతాయి. వాటి మీద రెండేసి మడతల్ని కలుపుతూ రంగుదారంతో కుట్టుకుంటూ పోతే వజ్రపు గళ్లు వస్తాయి. చివర్లో లాగిన దారం తీసేయాలి. దీని గొప్పతనం అందంలో సగమే. మిగతా సగం సాగడంలో ఉంది. ఎలాస్టిక్ లేని రోజుల్లో కూలివాడి అంగీ వంగినా లేచినా సాగింది ఈ కుట్టు వల్లే. ఛాతీ మీద తేనెపట్టు ఉన్న గౌను పిల్ల ఒళ్లు పెరిగినా బిగుసుకోదు. మా పెద్దబిడ్డకు కుట్టినది చిన్నబిడ్డ కూడా తొడిగింది.

ఇప్పుడు ఎండ సంగతి. రామగుండం ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటిన రోజులు మాకు కొత్త కాదు. ఆ ఎండలో నైలాన్ నెట్ గౌను తొడుక్కున్న పిల్ల ఫోటోలో బాగుంటుంది, ఫంక్షన్ హాలులో ఏడుస్తుంది. మెరిసే గుడ్డే కావాలని పిల్ల పట్టుబడితే పైన మెరుపు పెట్టండి, లోపల ఒంటికి తగిలేది మాత్రం పలచటి నూలు అస్తరు ఉండాలి. లేసు గరుకు చంకల్లో, మెడ వెనుక పడకుండా చూడాలి. నూలు గుడ్డను కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. రంగు పోయేదైతే అప్పుడే బయటపడుతుంది. ఇంకొకటి, బొగ్గు ఊళ్లో తెల్లగౌను ఆశ పెట్టుకోకండి. తీగ మీద ఆరేసిన చోటే దాని మీద పొడి వాలుతుంది. పసుపు, కుంకుమ రంగు, ఆకుపచ్చ, నీలం మా ఊరికి నప్పే రంగులు.

కాగితం, పెన్సిల్ దగ్గరుంటే తీసుకోండి. ఐదేళ్ల పిల్లకు మోకాలి దాకా వచ్చే కుచ్చుల గౌను లెక్క చెబుతాను. మీ పిల్ల కొలత వేరైతే లెక్క అదే, అంకెలు మారతాయి.

చాతీ 23 ఇంచులు అనుకుందాం. ఊపిరి ఆడడానికి, ఆడుకోవడానికి 3 ఇంచులు కలపండి. 26 అయింది. నాలుగో వంతు ఆరున్నర. కుట్టు కోసం ఒక ఇంచు కలిపితే ఏడున్నర. గుడ్డను మడతపెట్టి, మడత నుంచి ఏడున్నర దగ్గర గీత పెట్టండి. చంక లోతు ఐదున్నర ఇంచులు. పైభాగం భుజం నుంచి నడుము దాకా 9 ఇంచులు, కుట్లకు ఇంకో ఇంచు. కింద కుచ్చుల భాగం 15 ఇంచులు. దానికి పైన అర ఇంచు, కింద మడతకు 3 ఇంచులు కలపండి, పద్దెనిమిదిన్నర. 44 ఇంచుల పన్నా గుడ్డ అయితే కుచ్చులకు ఒకటిన్నర పన్నా చాలు. మిగిలిన సగం పన్నాలో చేతులు, జేబులు వస్తాయి. మొత్తం మీద మీటరున్నర గుడ్డ సరిపోతుంది.

గొడుగు కట్ కావాలంటే నడుము కొలతను 6.28తో భాగించండి. నడుము 21 అయితే సుమారు మూడు ఇంచుల పావు కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. నాలుగు మడతలు పెట్టిన గుడ్డ మూలలో టేపు ఆనించి ఆ కొలతతో పావు వలయం గీయాలి. అక్కడి నుంచి కావలసిన పొడవుకు ఇంకో వలయం. బడిలో నేర్చుకున్న వృత్తం చుట్టుకొలత సూత్రమే ఇది. లెక్కలంటే భయపడే మా పెద్దబిడ్డ ఇప్పుడు నాకు ఈ భాగహారం నోటితో చేసి చెబుతుంది.

మెడ దగ్గర ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఐదేళ్ల పిల్ల తల చుట్టుకొలత ఇంచుమించు 20 ఇంచులు ఉంటుంది. మెడ దాంట్లో సగం కన్నా కాస్తే ఎక్కువ. మెడకు సరిపోయినట్టు కత్తిరిస్తే తల దూరదు. తల దూరేటట్టు కత్తిరిస్తే భుజాలు జారతాయి. అందుకే మెడ కింద చీలిక పెట్టి గుండీలు వేయాలి. మనవాళ్లు ఆ గుండీలను వీపు వైపు పెడతారు. చూడడానికి బాగుంటుంది. నేను ముందువైపు పెడతాను. వీపు వెనుక గుండీలుంటే పిల్ల ప్రతిసారీ అమ్మను పిలవాలి. ముందువైపు ఉంటే నాలుగేళ్లకే తానే పెట్టుకుంటుంది, తానే విప్పుకుంటుంది. బడిలో గుండీ విడిపోయినా ఎవరి సాయమూ అడగనక్కర్లేదు. గుండీ కొంచెం పెద్దది, కాజా కొంచెం వదులుగా ఉంటే చాలు.

ఇప్పుడు మడతలో వదిలిన ఆ 3 ఇంచుల సంగతి. నాలుగేళ్ల నుంచి పదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర ఇంచులు పొడుగు పెరుగుతారు. అందులో భుజం నుంచి మోకాలి దాకా పెరిగేది సగం పైచిలుకు. అంటే కింద 3 ఇంచులు మడిచి తుర్పాయి చేస్తే, ఇంచుంపావు చొప్పున రెండు దసరాలకు విప్పుకోవచ్చు. తుర్పాయి చేత్తో వేయమనేది అందుకే. మిషను కుట్టు విప్పితే గుడ్డ మీద చుక్కల గీత మిగులుతుంది. పక్క కుట్లలో ఇంచు వదిలాం కదా, ముందూ వెనుకా నాలుగు అంచులు. ఒక్కో అంచులో అర ఇంచు వదులు చేసినా మొత్తం 2 ఇంచులు వస్తుంది. ఫ్యాక్టరీ కుట్టిన గౌనులో ఈ గుడ్డ ఉండదు. వేల గౌన్లు ఒకేసారి కత్తిరించేవాళ్లు ఒక్కోదానిలో మూడు ఇంచులు మిగుల్చుకుంటే మొత్తం మీద వేల ఇంచుల గుడ్డ మిగులుతుంది. వాళ్లది వ్యాపారం. మనకు వచ్చే ఏడాది కూడా ఇదే పిల్ల, ఇదే గౌను. అందుకే మడతలో గుడ్డ దాస్తాం.

మా ఆయనకు కుట్టుపని రాదు. కానీ కొత్త గౌను తొడగ్గానే మొదట పరీక్ష చేసేది ఆయనే. వెనుక వేలాడే నడుము పట్టీలు, మెడ దగ్గర ముడివేసే తాళ్లు, చేతుల అంచున కుచ్చు తోకలు ఒక్కొక్కటీ పట్టి లాగి చూస్తారు. గనిలో తిరిగే బెల్టు దగ్గర, రోలర్ల దగ్గర, హాలేజీ తాడు దగ్గర వదులు బట్ట ఉండకూడదన్నది పనిలో చేరిన కొత్తలో నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. వేలాడే గుడ్డను యంత్రం ముందు పట్టుకుంటుంది, ఆ వెనుకే మనిషిని లాగుతుంది. ఆ కళ్లతో ఆయన పిల్ల గౌనును చూస్తారు. స్కూటర్ చక్రం, రంగులరాట్నం, బస్సు తలుపు, జారుడుబండ అన్నీ ఆయనకు బెల్టులే. మొదట్లో నాకు చాదస్తం అనిపించేది. తర్వాత తెలిసింది, యూరప్‌లో ఏడేళ్లలోపు పిల్లల బట్టల్లో మెడ దగ్గర, టోపీ దగ్గర బిగించే తాళ్లు ఉండకూడదని ప్రమాణమే పెట్టారట. ఇప్పుడు మా ఇంట్లో మెడకు తాడు లేదు. నడుముకు పట్టీ కావాలంటే రెండు కొసలూ గౌనుకే కుట్టేస్తాను.

దసరా దగ్గర పడితే మా ఊరి రంగు మారుతుంది. కంపెనీ లాభాల్లో కార్మికుల వాటా చాలా ఏళ్లు ఆ రోజుల్లోనే చేతికి వస్తుంది. దీపావళికి బోనసు. బట్టల కొట్లలో నిలబడడానికి చోటుండదు. టైలర్లు పండగ అయ్యాక రమ్మంటారు. అదే సమయంలో బతుకమ్మ. తొమ్మిది రోజులు. రోజుకో గౌను అడిగే పిల్లలున్న ఇంట్లో అమ్మ దగ్గర చీరల పెట్టె తెరవడం తప్ప దారి లేదు. పాత పట్టుచీర ఒక చోట చిరిగినా అంచు గట్టిగా ఉంటుంది. ఆ అంచు కిందికి వచ్చేటట్టు లంగా, కొంగుతో జాకెట్. సిరిసిల్ల మరమగ్గాల గుడ్డ, పోచంపల్లి ఇక్కత్, సిద్దిపేట గొల్లభామ, నారాయణపేట గళ్లు ఏదైనా పిల్ల ఒంటి మీద ముద్దుగానే ఉంటుంది. మా చుట్టుపక్కల మహాదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు కాయ పండుతుంది. తేనెరంగు పట్టు అది. మా అత్తమ్మ దసలి చీరలోంచి వచ్చిన లంగాకు మా ఇంట్లో ప్రతి ఏడూ తగాదానే.

బతుకమ్మ లంగా జాకెట్ కుట్టేవాళ్లు ఆటను గుర్తుపెట్టుకోవాలి. పిల్ల గుండ్రంగా తిరుగుతుంది, వంగుతుంది, చప్పట్లు కొడుతుంది. వంగినప్పుడు జాకెట్ పైకి లేవకూడదు. కాబట్టి నడుము కింద 2 ఇంచుల పొడవు ఎక్కువ ఉంచాలి. చేతులు కలిపినప్పుడు వీపు మీద పిగలకూడదు. చంక దగ్గర బిగుతు వద్దు, వీలైతే చిన్న చదరపు ముక్క అతకాలి. లంగా చీలమండకు 2 ఇంచులు పైన ఆగాలి. నేలను ఊడ్చే లంగా ఫోటోకే పనికొస్తుంది, మొదటి చుట్టులోనే పిల్ల కాలికి తట్టుకుంటుంది. పెరగడానికి లంగా నడుము కింద లోపలివైపు ఒక అడ్డమడత వేసి కుట్టండి. ఏడాది తర్వాత విప్పితే ఎవరికీ తెలియదు.

ఈ పని ఇంటి గడప దాటి బతుకుతెరువు అయిన ఇళ్లు కూడా మా కాలనీల్లో చాలా ఉన్నాయి. కార్మికుల కుటుంబాల్లోని ఆడవాళ్లకు సింగరేణి సేవా సమితి కుట్టు, మగ్గం పని లాంటివి నేర్పుతోంది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇంటి ముందు చిన్న బోర్డు పెట్టుకున్నారు. జాకెట్లు, పీకో, ఫాల్, పిల్లల గౌన్లు. ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో రాష్ట్రంలో మహిళా సంఘాలకు అప్పజెప్పారు. అమ్మ కుట్టిన నిక్కరు, అమ్మ కుట్టిన చొక్కా ఇప్పుడు వేరే అమ్మల పిల్లలు కూడా తొడుగుతున్నారు. చేత్తో చేసిన పనికి డబ్బు వస్తే ఇంట్లో దాన్ని చూసే చూపు మారుతుంది. అయితే ఒక జాగ్రత్త. కుట్టు నేర్చుకోవడం ఆడపిల్ల వంతే అనుకోకండి. ఊడిన గుండీ కుట్టుకోవడం, చిరిగిన సంచికి అతుకు వేసుకోవడం మగపిల్లవాడికీ రావాలి. బజారులో దర్జీలు ఎక్కువగా మగవాళ్లే కదా, ఇంట్లో సూది పట్టుకుంటే వాళ్ల పరువేం పోదు.

చివరికి జేబు దగ్గరికి వచ్చాం. మీ ఇంట్లో ఐదేళ్ల అబ్బాయి నిక్కరు, ఐదేళ్ల అమ్మాయి గౌను పక్కపక్కన పెట్టి చూడండి. నిక్కరుకు రెండు వైపులా జేబులు, వెనుక ఇంకొకటి. గౌనుకు పువ్వులు, ముత్యాలు, రిబ్బను ముడి. జేబు మాత్రం లేదు. ఉన్నా పైకి బొమ్మలా కుట్టిన మూత. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు ఆడవాళ్లు గౌను లోపల నడుముకు కట్టుకునే సంచి జేబులు వాడేవాళ్లు. గౌన్లు సన్నబడ్డాక ఆ జేబు పోయి చేతిసంచి వచ్చింది. మన అవ్వలు రొండిన దోపుకున్న వక్కల సంచిలో డబ్బులు, తాళంచెవులు ఉండేవి. వాళ్లకు ఉన్న వసతి కూడా మన పిల్లలకు లేకుండా చేశాం.

జేబు పెట్టడం పెద్ద పనేం కాదు. 5 ఇంచుల వెడల్పు, 6 ఇంచుల లోతు ఉన్న రెండు ముక్కల్ని జతచేసి, నడుము కింద 2 ఇంచుల దగ్గర పక్క కుట్టులో కలిపేయడమే. రెండు వైపులా అయితే నాలుగు ముక్కలు. జేబు నోటి దగ్గర రెండుసార్లు మిషను తిప్పాలి. పిల్లలు అక్కడే లాగుతారు. మా చిన్నబిడ్డ ఏ కొత్త గౌను తొడిగినా ముందు చేతులు పక్కలకు పోనిస్తుంది. "అమ్మా, జేబు పెట్టినవా?" అంటుంది. పెడితేనే మిగతా గౌను చూస్తుంది. ఉతికే ముందు ఆ జేబులో నాకు దొరికేవి చింతగింజలు, అరిగిపోయిన చాక్‌పీసు, గులకరాయి, దుకాణంలో ఇచ్చిన చిల్లర. అది ఆమె ఆస్తి. ఒకరి చేతిలో పెట్టి దాచమనకుండా తానే మోసుకుపోతుంది.

బొగ్గు ఊళ్లో ఉన్నదాన్ని కాబట్టి ఈ జేబు నాకు ఇంకో రకంగానూ కనిపిస్తుంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టకూడదంది. ఓపెన్ కాస్ట్‌లోనూ రాత్రి వేళ వద్దంది. మా ఊళ్లో ఎన్నో ఏళ్లు బాయి ఉద్యోగం అంటే కొడుకుదే అన్న మాట పాతుకుపోవడానికి అదీ ఒక కారణం. 2019లో కేంద్రం ఆ నియమాన్ని సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో పగటి వేళ ఆడవాళ్లు భూగర్భ గనిలోకి దిగవచ్చంది. ఓపెన్ కాస్ట్‌లో, వాళ్లు ఒప్పుకుంటే, రాత్రి షిఫ్టుకూ రావచ్చంది. మా పిల్లలు గని దగ్గరికే పోవాలని నేను అనడం లేదు. డాక్టరు కావచ్చు, టీచరు కావచ్చు, ఇంకే ఊరికైనా పోవచ్చు. కానీ ఏ పనికి పోయినా పెన్ను, కాగితం, ఫోను, తాళంచెవి పెట్టుకోవడానికి ఒంటి మీద చోటు కావాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. తన వస్తువు తానే మోసుకోవడం, తన గుండీ తానే పెట్టుకోవడం ఐదేళ్ల నాటి నుంచి అలవాటైన పిల్లకు ఇరవై ఐదో ఏట ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

వచ్చే పండక్కి మీ పిల్లకు ఏ రంగు గౌను కుట్టాలన్నది ఆమెనే అడగండి. లేసు ఎక్కడ, పువ్వు ఎక్కడ అన్నదీ ఆమె ఇష్టం. కత్తెర మన చేతిలో ఉన్నంతవరకు మనం పట్టుబట్టాల్సినవి నాలుగే. ఒంటికి నూలు తగలాలి. గుండీలు ముందువైపు ఉండాలి. రెండు పక్కలా జేబులు ఉండాలి. మడతలో మూడు ఇంచులు ఉండాలి. మిగతాది ఆమె చూసుకుంటుంది.